గోలీ చప్పుడు

ఓడ్వార్ మా కింది అంతస్తులో ఉండేవాడు,
క్రిస్టియాన్‌సుండ్‌లో, ఎండుచేపల గోదాము వెనక వీధిలో.
నాకప్పుడు తొమ్మిదేళ్లు.
సీసాకు రెండు క్రోనర్లు,
మధ్యలో అలుపొస్తే ఒక ముక్క మేకజున్ను.
అదీ మా బేరం.

పనల్లా ఊపడమే.

బొటనవేలంతేసి గాజు సీసాలు.
మూత మీద ఎండిన చుక్కే
లోపలేముందో చెప్పే చీటీ.
ఏడాదిగా ఎవరూ ముట్టని రంగు
తనలో తానే వేరుపడిపోతుంది.
పైన కామెర్లు పట్టిన తేట,
అడుగున మొండికేసిన మడ్డి,
ఆ మడ్డిలో పీకల్దాకా కూరుకుపోయి
ఒక ఉక్కు గోలీ.

మొదట్లో ఏమీ వినపడదు.
మణికట్టు నొప్పెడుతుంది, చెయ్యి మారుస్తాను.
వంద దాటాక ఎక్కడో ఒక్క టక్,
పాలపన్ను కదిలినట్టు.
ఆగుతుంది. మళ్లీ టక్.
ఇంకా ఇంకా ఊపితే
మడ్డి పట్టు వదిలేసి
గోలీ నేరుగా గాజును తాకుతుంది.
సన్నటి, శుభ్రమైన చప్పుడు.
"అదిగో, అప్పుడు చెప్పు" అనేవాడు.

నా చేతుల సత్తువ చూసి పెట్టుకున్నాడనుకున్నాను చాలా రోజులు.
ఫెర్రీ ఇంజను గదిలో ముప్ఫై ఒక్క ఏళ్లు
ఆయన చెవుల్ని నమిలేశాయి.
గట్టిగా అరిస్తే మాట అందేది.
గోలీ మాత్రం
ఆయనకు అందని ఎత్తులో మోగేది.
రెండు క్రోనర్లకు ఆయన కొన్నది
నా చెవులు.

ఆ ఫెర్రీనే కడుతున్నాడు బల్ల మీద,
అసలు దానిలో డెబ్బై రెండో వంతు.
అగ్గిపెట్టెలో దాని ఒంటి నుంచి రాలిన పెచ్చు దాచుకున్నాడు,
నాచుపట్టిన రాయిలాంటి పచ్చ.
నేనూపిన మూడు సీసాల్లోంచి
పుల్లతో చుక్కలు తీసి, పళ్లెంలో కలిపి, పెచ్చు పక్కన పెట్టాడు.
తేడా లేదు. అచ్చం అదే.
అప్పుడు, నా కళ్ల ముందే,
రెండు చుక్కలు తెలుపు, ఒక చుక్క బూడిదరంగు
అందులో పోసేశాడు.

"చెడగొట్టావు!" అరిచాను.
వినపడింది.

కిటికీ తెరిచాడు.
ఐదింటి ఫెర్రీ అప్పుడే ద్వీపం మలుపు తిరుగుతోంది.
"వేలు అడ్డం పెట్టు" అన్నాడు. పెట్టాను.
ఓడంతా, అందులో మనుషులు, కార్లు, కాఫీ వాసన,
నా గోరు వెనక పట్టేశాయి.
"అది ఇంత చిన్నగా ఎందుకుంది?"
"దూరంగా ఉంది గనక."
"మరి ఈ మధ్యనున్న గాలంతా
నా బల్ల మీద ఎక్కడ పెట్టను?"
పళ్లెం నా ముక్కు దగ్గరికి తెచ్చాడు.
పాలిపోయిన పచ్చ.
ఐదింటి ఫెర్రీ రంగు.

ఒక గురువారం హ్యాండ్‌బాల్ ఆటకు ఆలస్యమైంది.
అరవైకే "అయిపోయింది" అన్నాను.
గోలీ ఇంకా బురదలో కాళ్లీడుస్తూనే ఉంది.
ఆయన నా మొహం చూసి మూత విప్పాడు.

మెరుపును చంపే పొడి అడుగునే ఉండిపోతే
రంగు ఆరాక కూడా తళతళలాడుతుంది.
నాకు తెలీదప్పుడు.
మర్నాడు వెనకభాగంలో, కుడివైపు,
అరచేతిలో సగమంత మచ్చ, నెయ్యి రాసినట్టు.
గోటితో ఒకసారి గీకి చూశాడు.
"అక్కడ ఎప్పుడూ తడే.
పంకా నీళ్లు చిమ్మే చోటది" అన్నాడు.
నన్ను క్షమించాడో,
ఓడ గురించి మాట్లాడాడో.

కూలి మాత్రం ఇచ్చాడు.
ఆ డబ్బు ఇప్పటికీ దాచుకున్నానని చెబితే బావుండును.
దాచుకోలేదు. నల్ల లికోరిస్ కొనుక్కున్నాను,
ఇంటికి చేరేలోగా తినేశాను.

అసలు ఫెర్రీని ఏదో దేశంలో ముక్కలు చేశారు.
చిన్నది రేవు ఆఫీసులో గాజుపెట్టెలో ఉంది,
టికెట్ల కిటికీ పక్కన.
మధ్యాహ్నం దీపం వేస్తే
మొట్టమొదట ఆ మచ్చే కనిపిస్తుంది నాకు.
మిగతావాళ్లు పొగగొట్టం చూస్తారు.

నిన్న రాత్రి మా వాడికి దగ్గు.
మందు సీసా ఊపుతూ ఊపుతూ
చెవి దగ్గరికి తెచ్చుకున్నాను.
అందులో గోలీ ఉండదని తెలుసు.
అయినా కాసేపు
చెంచా పట్టుకుని వాడు ఎదురు చూస్తుంటే
అలాగే నిలబడ్డాను.