నలభైనాలుగో నంబరు

గాంధీ రోడ్డులో మా అంగడి.
ఆడోళ్ళ చెప్పులు నలభైఒకటితో సరి.
ఆపైన అట్టపెట్టె రాదు,
అడిగేవాళ్ళూ రారు అనుకున్నా
చిసోమో వచ్చేదాకా.

మలావి దేశమంట.
వ్యవసాయ కాలేజీలో శెనక్కాయ తెగుళ్ళ మీద చదువు.
గడప కాడే నిలబడి
"నలభైనాలుగు ఉండాదా?" అనింది,
లేదనే మాట ముందే విన్నట్టు నవ్వుతా.

అప్పటికి తొమ్మిది అంగళ్ళు తిరిగింది.
ఒకాయన మొగోళ్ళ బూట్లు చూపించినాడు.
ఒకాయన ఆమె పాదాలు చూసి
పక్కంగడి వాణ్ణి పిల్చినాడు, చూద్దువురా అని.
ఇంకొకాయన మంచోడు. మజ్జిగ ఇచ్చినాడు.

నిచ్చెనేసుకుని అటకెక్కినా.
ఎక్కితే లేనిది వస్తుందా?
అయినా ఎక్కినా.
దుమ్ము, ఎలుక కొరికిన ఒంటి చెప్పు,
నేను పనిలో చేరకముందు తెప్పించిన వెండిరంగు జోడు.
దించి ముందర పెడితే
బొటనవేలొకటే లోపలికి పోయి
చుట్టం మాదిరి కూర్చునింది.
ఇద్దరం నవ్వినాం.
గల్లాపెట్టె కాడ ఖాదర్ బాషా దగ్గినాడు.

వాళ్ళ ఊర్లో మంగళవారం సంతంట.
యాడెవరో తొడిగి వదిలేసిన బూట్లన్నీ
కుప్ప పోస్తారంట.
అమ్మా, తనూ మోకాళ్ళ మీద కూర్చొని వెతికేది.
ఎడమది పొద్దున దొరికితే
కుడిది మధ్యాన్నానికి.
ఇంత దూరమొచ్చి
ఆ కుప్ప మీద బెంగ పెట్టుకునింది.

గోడ క్యాలెండర్లో అయిపోయిన ఆషాఢం చించి
వెనక్కి తిప్పి నేల మీద పరిచినా.
నిలబడు, అన్నా.
పెన్ను మడమ చుట్టూ తిరిగి
చిటికెనవేలి కాడ చక్కిలిగింత పెట్టింది.
పద్నాలుగేండ్లుగా ఎన్ని పాదాలు పట్టుకున్నానో,
ఒకరూ ఇట్ల నా భుజం మీద చెయ్యేసి నిలబడలేదు.

బస్టాండు వెనక ఆర్ముగం
కాగితం దీపానికి ఎత్తి చూసినాడు.
"ఈడ గీత వణికింది. ఎవురు నవ్వింది?"
తోలు ఆంబూరు నుంచి రావాలన్నాడు.
పదకొండు రోజులన్నాడు.
ఇరవైమూడు పట్టింది.

ఒక పట్టీ ఇంకోదాని కన్నా కొంచెం ఎరుపు.
ఆమె చూసుకోనేలేదు.
తొడుక్కుని వీధి చివరిదాకా నడిచిపోయి,
మలుపు కాడ నిలబడి,
ఊరికే మళ్ళీ నడిచొచ్చింది.

మొన్న మా చెల్లెలి సీమంతానికి పిలిచినా.
మంటపం వాకిట్లో మూడొందల జతలు,
నడిమధ్యన ఆమెవి, లారీలు ఆగినట్టు.
భోజనాలై బయటికొస్తే
నావి లేవు. కొత్తవి.
ఈ ఊర్లో నాకిది నాలుగోసారి.
ఆమెవి మాత్రం పెట్టిన చోట పెట్టినట్టే.

"నీది ఏ నంబరు?" అనింది.
ముప్పైఆరు, అన్నా.
నా ఒట్టి కాళ్ళ వైపు చానాసేపు చూసి
"పాపం," అనింది,
"అందరికీ సరిపోతాది."