దొరికినవి: సున్నా

తార్తూ ఆసుపత్రి నేలమాళిగ.
రాత్రి రెండుంబావు.
పైన నాలుగో వార్డులో నర్సు ఒయిల్మె
మందుల బీరువా ముందు నిలబడే ఉంది.
ఆ తాళం నా పెర్ల్ స్క్రిప్టుని అడుగుతుంది,
స్క్రిప్టు డైరెక్టరీని అడుగుతుంది:
ఈ పేరుగల మనిషి ఉందా?

జవాబు మర్యాదగానే వచ్చింది.
లోపం లేదు. దొరికినవి: సున్నా.

తిట్టినా బాగుండేది.
కాదన్న సర్వర్‌తో వాదించొచ్చు,
విజయవంతం అంటూ ఖాళీ చెయ్యి చూపిస్తే
ఏం మాట్లాడను?

బేస్ మార్చాను. బ్రాకెట్లు వేళ్ళమీద లెక్కపెట్టాను.
పేరు చెరిపి నక్షత్రం పెడితే
పన్నెండువందలమంది బిలబిలా వచ్చారు,
వాళ్ళలో ఆమె కూడా.

ఉంది.
పిలుపే తప్పు.

డీబగ్ తెరిచి బైట్లు చదివాను.
ఆమె పేరు మొదటి అక్షరం,
నెత్తిన చిన్న అల ఉన్నది,
నా దగ్గర ఒక బైటు, అక్కడ రెండు.
కంటికి ఒకటే. తీగలోకి దిగితే
ఎవరో పరాయిది.

ఎన్‌కోడ్. ఒక్క పంక్తి.
దొరికినవి: ఒకటి.

ఫోన్ చేశాను.
"తెరుచుకుంది. ఏమైంది అసలు?"
"మీ పేరు సరిగ్గా పలకలేదండీ."
కాసేపు గాజుసీసాల చప్పుడు.
"అలవాటే," అంది.