పట్టు

వీగో రేవులో పడగొట్టిన గట్టు నుంచి
ఒక ముక్క కోసుకొచ్చారు.
నలభై ఏళ్ల ఉప్పు తాగిన కాంక్రీటు, నడుమ ఊచ.

ఊషియా దాన్ని యంత్రానికి బిగించింది.
పక్కన అమారో, అప్పట్లో ఆ ఊచలకు తీగ చుట్టినవాడు,
టోపీని చేతుల్లో నలుపుతున్నాడు.

"మొదట్లో కాస్త తుప్పు మంచిదే," అందామె,
"గరుకెక్కి, ఉబ్బి, ఇంకా గట్టిగా కరుచుకుంటుంది."
"కొత్త కాపురం," అని నవ్వాడతను.

ఆ ఉబ్బే తర్వాత కాంక్రీటును చీలుస్తుంది.
ఊచ మీది గణుపులు అరిగి నున్నబడతాయి.
తుప్పు పట్టేకొద్దీ
పట్టు పోతుంది.

ముల్లు లేచింది. కాసేపు ఊగింది.
చప్పుడేం లేదు.
నిద్రలోకి జారిన పసివాడి గుప్పిట్లోంచి
వేలు తీసుకున్నట్టు
ఊచ వచ్చేసింది.

నారలు కలిపి పోసిన కొత్త దిమ్మె కూడా
అదే ఉప్పునీళ్లలో నానింది.
చీలింది, వెంట్రుకంత.
వదల్లేదు.
ఊషియా రెండంకెలూ రాసుకుంది.

అమారో పాత ముక్క కన్నంలోకి
చిటికెన వేలు దూరినంత దూర్చాడు.
లోపల గణుపుల అచ్చు ఇంకా తగులుతోందన్నాడు,
ఎవరితోనో తెలీదు.

ఎర్రపొడి అంటిన వేలు కడుక్కోకుండానే
బస్సెక్కాడు.