ఎనిమిదిన్నర

పళ్ళు తోమకముందే
అయిదు మిల్లీలీటర్ల నీళ్ళు గాజుసీసాలోకి.
చుక్కలు లెక్కపెడతా:
నీలం, నీలం, ఇంకా నీలమే.
ఎనిమిదికి మారీ మారనట్టు, తొమ్మిదికి పసుపు.
‘ఎనిమిదిన్నర’ అని గోడ మీద బొగ్గుతో అంకె వేస్తా.

అల్లూరు నుంచి సముద్రం బండి మీద ఇరవై నిమిషాలు.
నేనేమో మద్రాసు నుంచి బకెట్టు ఉప్పు తెప్పించి
వంటింటి పక్కన సముద్రం కలుపుతా.
ఇస్కపల్లి కొటార్లలో పనిచేసే పోలమ్మత్త
నడుం పట్టుకుని నవ్వింది:
‘మేం సముద్రాన్ని ఎండేసి ఉప్పు తీస్తాం,
నువ్వు ఉప్పు తడిపి సముద్రం చేస్తుండావా అబ్బయా!’

పోయినేడు రొయ్యల పట్టుబడికి
వారం గుంటల కాడే పడుకున్నా.
మందు చుక్కలేసే గొట్టం పూడుకుపోయింది.
వచ్చి చూస్తే ఆరు.
కంగారుగా సోడా కలిపి
ఒక్క రాత్రిలో పదికి లాగా.
ఆరుని ఓర్చుకున్న పగడం
నా తొందరని ఓర్చుకోలా.
తెల్లారేసరికి కొమ్మల మొదట్లో తోలు ఊడి
తెల్లటి ఎముక.

‘మడిలోకి ఒక్కసారే నీళ్ళు తోసినావా?’ అంది అత్త.
చెప్పకుండానే ఎట్టా తెలిసిందో.

ఇప్పుడు రోహిణి. రోజుకి రెండు చెంబులు ఎగిరిపోతాయి.
ఎగిరేది నీళ్ళే, ఉప్పు కాదు.
మంచినీళ్ళే పోస్తా, సన్నధారగా,
పసిబిడ్డకి పాలు పట్టినట్టు కూడా కాదు,
అంతకంటే నిదానంగా.
ఎముక మీద ఒక మూల
గోరంత పచ్చదనం.

చదువురాని పోలమ్మత్త గోడకి దగ్గరగా పోయి
బొగ్గుగీతలు వేలితో తడిమింది.
‘నిన్నటి బొమ్మే గదా ఇయ్యాళ కూడా?’
‘అదే అత్తా.’
‘అయితే బతికుండాదిలే.’