ఐదో ఏడు

మార్చి వచ్చినా టిమిన్స్‌లో మైనస్ ఇరవై.
డోనట్ల కొట్లో, పేపర్ నాప్కిన్ మీద
ఒవిలా లెక్కలు కడుతున్నాడు.
మనకింకా ఆరు ఆటలు, సడ్‌బరీకి ఐదు.
ఈ రాత్రి వాళ్ళు ఓడాలి,
అంటే నార్త్ బే గెలవాలి.

"ఆ ముదనష్టపోళ్ళ గెలుపు
నా నోటితో కోరుకోవాలా?"
యూగెట్ కాఫీలో చక్కెర మూడోసారి కలిపింది.

ప్లేఆఫ్ ఆశ దండగంటాడు కౌంటర్ కుర్రాడు బ్రాడెన్.
కెప్టెన్ని అమ్మాలట, గోలీనీ అమ్మాలట.
"మూడేళ్ళు మంచు కరుద్దాం,
మీసాలు రాని పిల్లల్ని తెచ్చుకుందాం,
ఐదో ఏడు చూడండి!"

ఒవిలా పెన్ను ఆగింది.
వారానికి మూడు పూటలు డయాలిసిస్ ఆయనకి.
నాప్కిన్ తిరగేసి
మళ్ళీ మొదట్నుంచీ కూడుతున్నాడు.

రేడియోలో నార్త్ బే గోలు.
ఎవరూ చూడట్లేదనుకుని
యూగెట్ చెంచాతో కప్పు అంచు మీద
ఒక్కసారి, చిన్నగా.