నీళ్ళకొచ్చిన సందేహం

ఈ రాత్రికి నాకిచ్చిన అల్యూమినియం పలక మీద
ఆరువందల నలభై రంధ్రాలు.
ఒక్కో రంధ్రం ఒక్కో గెలాక్సీ.
గాజు తీగ కొస పట్టుకుని
ఒక్కోదాంట్లో గుచ్చుతాను.
పన్నెండేళ్ళుగా ఇదే పని,
చూపుడువేలు కాయ కాసింది.

పలక నడుమ కిక్కిరిసి ఉంటాయి.
మహాసమూహం గుండెకాయ అదేనంటాడు ఇంజనీరు.
అంచున మాత్రం మూడిక్కడ, ఐదక్కడ,
చలికి ఒకదాన్నొకటి ఆనుకున్నట్టు చిన్న గుంపులు.
"వీటిని ఏ గాటన కట్టాలో ఇంకా తేలలేదు, ఓర్ఫెలీనా.
ఇటు జారుతున్నాయో, పక్క సమూహం వైపు జారుతున్నాయో."

గాట అన్నాడు.
మేకల కాపరి కూతురితో.

మా నాన్న ఎలూతేరియో
డిసెంబరు రాగానే మందను తోలుకుని
ఎల్కీ లోయ దాటి పైకి, ఇంకా పైకి,
మంచు కరిగిన చోట పచ్చిక వెతుక్కుంటూ.
నాకు తొమ్మిదేళ్ళప్పుడు కొండ కొన మీద నిలబెట్టి
సొట్టల కప్పులోంచి నీళ్ళు వంపాడు.
సగం మన వైపు పాకాయి,
సగం అర్జెంటీనాకి.
"సరిహద్దంటే గీత కాదు బిడ్డా,
నీళ్ళకొచ్చిన సందేహం."
పక్కనే మా చారల మేక గడ్డి నములుతోంది,
ముందుకాళ్ళు పరాయి దేశంలో,
పొదుగు సొంత దేశంలో.

తర్వాతి ఏడు గాలికుంటు రోగం పేరు చెప్పి కనుమ మూసేశారు.
అటు మేస్తున్న పదిహేడింటిని తిరిగి రానివ్వలేదు.
నాన్న పోయేదాకా ప్రతి సాయంత్రం
దొడ్డి లెక్కలో ఆ పదిహేడూ కలిపే చెప్పేవాడు.
ఎవరం సరిదిద్దలేదు.

అంచు రంధ్రాలు లెక్కపెట్టాను.
పంతొమ్మిది.
పదిహేడైతే కథలా ఉండేది.

రాత్రి రెండింటికి ఒక తీగ పుటుక్కున విరిగింది.
తీగలు చాలనప్పుడు అంచువాటినే వదిలెయ్యాలని రూలు,
గోడ మీద అట్టముక్కకి రాసి అంటించారు.
నేను గుండెకాయలోంచి ఒకటి పీకాను,
అక్కడ ఒకటి తగ్గితే ఎవరికి తెలుస్తుంది,
చిట్టచివరి ఒంటరి రంధ్రంలో గుచ్చాను.

రిజిస్టరులో 'కారణం' గడిలో
'మేత' అని రాసి, కొట్టేసి,
'తీగ విరిగింది' అని రాశాను.

పలకను బండికెక్కించి చీకట్లోకి తోసుకుపోయారు.
వెనక చక్రం కిర్రుమంటోంది.
రేపు నూనె వెయ్యాలి.