చుక్క లెక్క

నవంబరు చివర్లో వార్డోలో సూర్యుడు సెలవు పెడతాడు.
జనవరి దాకా వంటగదికి దీపమే దిక్కు.
దాని కింద, పళ్ళెమంత గళ్ళపటం:
పెద్దచ్చు సుడోకు.
చూపు నట్టనడుమ మసక పడ్డప్పటినుంచీ
మామూలు పుస్తకాలు నాతో మాట్లాడ్డం మానేశాయి.
దేన్నైనా ఓరగా చూస్తేనే కనబడుతుంది నాకు.

నలభై ఏళ్ళు ఈ రేవులో కాడ్ చేపలు తూచాను.
ముల్లు ఆగాక, సిరాతో ఒక్క అంకె.
"ఇరవైయో, ఇరవై రెండో" అనేవాళ్ళకి
మా గోదాములో చోటుండేది కాదు.
అందుకే ఆర్న్‌ఫిన్ పెన్సిలు చేతికిచ్చి
ఒక్కో గడిలో వీలున్నవన్నీ చిన్నగా రాసుకో ఒడ్రున్ అంటే
నవ్వాను. అనుమానాలకి కూడా ఖాతాపుస్తకమా?

రాశాను. నా మూడు ఎనిమిదిలా ఉంది,
ఎనిమిది చిక్కుపడ్డ గాలపు దారంలా.
ఇక అంకెలు మానేసి చుక్కలు పెట్టాను.
ఎడమ పైమూల ఒకటి, నడిమధ్య అయిదు,
కుడి అడుగున తొమ్మిది.
చదవక్కర్లేదు. చోటే చెబుతుంది.
చీకట్లో గట్టుమీద నిలబడి
దీపం ఎక్కడ ఊగుతోందో చూసి
పడవ పేరు చెప్పేవాళ్ళం, అలా.

నిన్న రాత్రి అయిదో వరుసలో
రెండు గళ్ళు. రెండింట్లోనూ రెండూ ఏడే.
ఏది ఎవరిదో తెలీదు, కానీ
ఆ ఇద్దరి మధ్యకి మూడోవాడు రాడు.
వరుసలో మిగతా రెండుల్నీ ఏడుల్నీ రబ్బరుతో తుడిచేశాను.
తెలియకపోవడం కూడా ఒక పని చేసిపెడుతుందని
డెబ్బై తొమ్మిదేళ్ళకి తెలిసింది.

ఆ తర్వాతే అడ్డం తిరిగింది.
మూలగడిలో ఆరు ఒక్కటే మిగలాలి.
ఎడమ అంచున నాలుగు కూడా ఉంది, పోదు.
నాలుగు వేస్తే నిలువు వరుస చెడుతుంది.
ఆరు వేస్తే నా చుక్క అబద్ధమవుతుంది.
నేను పెట్టిన చుక్క!
గంటసేపు వెనక్కి నడిచాను, గడిగడికీ,
మంచులో పోయిన చేతితొడుగు వెతుక్కున్నట్టు.
కాఫీ చల్లారింది.
వీధిలో మంచు తోసే బండి వచ్చింది, పోయింది.

చివరికి వేలు తడిచేసి రుద్దాను.
రబ్బరుకి పోనిది వేలికంటింది.
నాలిక్కి రాసుకుంటే చేదు.
నాలుగు కాదది. కాఫీ చుక్క.

ఆర్న్‌ఫిన్‌కి ఫోన్ చేసి చెప్పాను.
చాలాసేపు దగ్గీ నవ్వీ
"ఎంత తూగింది?" అన్నాడు.

గంట, అన్నాను.
ఆ రెండూ ఏడూ మాత్రం ఇంకా తేలలేదు.